బండి మెరుపుకు మూడేళ్ల గ్యారంటీయా?

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో కారు మెరుపు గురించి వేసిన చిట్కాలు చదివాను. నెలకోసారి వ్యాక్స్ రుద్దితే ఎండ వల్ల పెయింట్‌కు ఏ ఢోకా ఉండదని, కోటింగ్ చేయిస్తే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదని రాశారు. హైదరాబాద్‌లో సెల్లార్‌లో నిలబెట్టే బండికి ఆ మాట సరిపోతుందేమో. మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మే నెలలో 45, 46 డిగ్రీలు మాకు మామూలు, రోడ్డెక్కితే ముందు బొగ్గు లారీ, వెనక సిమెంట్ లారీ, ఇంట్లో చూస్తే తెల్లటి మరకలు పెట్టే బోరు నీళ్లు. నాకు రెండు టాక్సీలున్నాయి, రాజురా మీదుగా వాంకిడి దాటి ఆసిఫాబాద్, మంచిర్యాల దాకా తిరుగుతాయి. ఈ విషయంలో డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నవాణ్ని కాబట్టి రాస్తున్నా.

రెండో బండి కొన్నప్పుడు షోరూంలో, పేరెందుకులెండి, టెఫ్లాన్ కోటింగ్ అని 6,500 రూపాయలు బిల్లులో కలిపారు. "కాకా, తీన్ సాల్ టెన్షన్ నహీ" అన్నాడు అక్కడి కుర్రాడు. నాకేమో మా ఇంట్లో దోశల పెనం గుర్తొచ్చింది, దోశ అంటుకోనట్టే దుమ్ము కూడా అంటుకోదేమో అనుకుని సరే అన్నా. పెనానికి ఆ పూత పట్టాలంటే 300 డిగ్రీలకు పైగా వేడిలో కాల్చాలని తర్వాత తెలిసింది, కారును అట్లా కాలిస్తే పెయింటే మిగలదు. వాళ్లు పూసింది మామూలు సీలెంట్, అంటే పెయింట్ మీద రుద్దే రసాయన పూత, పేరు మాత్రం టెఫ్లాన్. దసరాకు బండి ఇంటికొచ్చింది, హోళీ నాటికి బానెట్ మీద నీళ్లు పోస్తే చుక్కలుగా నిలబడడం మానేసి చాప పరిచినట్టు పరుచుకున్నాయి. వెళ్లి అడిగితే కార్డు మీద స్టాంపు చూపించమన్నారు. ఇంకోసారి డబ్బు కట్టి మెయింటెనెన్స్ చేయిస్తేనే ఆ స్టాంపు వేస్తారట, ఆ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. నిజానికి ఆ సీలెంట్ తప్పేం లేదు, నాలుగు నుంచి ఆరు నెలలు ఉండే సరుకు అయిదు నెలలు ఉంది. మూడేళ్లన్నది అమ్మినవాడు.

ఇక వ్యాక్స్ సంగతి. దాంట్లో గొప్పగా చెప్పుకునే కార్నోబా మైనం ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది నుంచి వస్తుంది, ఎండలకు ఆకులో నీరు ఆవిరైపోకుండా ఆ చెట్టు చేసుకున్న ఏర్పాటది. విడిగా అయితే గట్టిగా పెళుసుగా ఉంటుంది, 82 నుంచి 86 డిగ్రీల దగ్గర గానీ కరగదు. కానీ గట్టి మైనాన్ని బండి మీద ఎట్లా రుద్దుతాం? అందుకని నూనెలు, ద్రావకాలు కలుపుతారు, కొన్నింట్లో తేనెమైనం కూడా ఉంటుంది, అది 62, 64 డిగ్రీలకే కరుగుతుంది. మా మే నెల ఎండలో నల్ల బండి బానెట్ 70 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు, చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. పైగా వ్యాక్స్ పెయింట్‌ను అంటిపెట్టుకుని ఉంటుందే తప్ప దాంతో కలిసిపోదు, సబ్బుకు, వేడికి, రాపిడికి కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది. మామూలుగా ఆరు వారాలు, మహా అయితే రెండు నెలలు. మా ఎండాకాలంలో నెల ఉంటే గొప్ప.

సీలెంట్ ఫ్యాక్టరీలో చేసిన పాలిమర్, ఆరేటప్పుడు లోపల్లోపలే ముడిపడి వల లాగా తయారవుతుంది, అందుకే వ్యాక్స్ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. చాలా సీలెంట్లకు పూశాక 12 నుంచి 24 గంటలు నీళ్లు తగలకూడదు. నా బండికి పొద్దున పూసి సాయంత్రం కడిగి పూలదండ వేసి ఇచ్చారు! సిలికాతో చేసే సిరామిక్ కోటింగ్ అయితే పెయింట్‌ను గట్టిగా పట్టుకుంటుంది, చూసుకుంటే ఏడాది నుంచి మూడేళ్లు నిలుస్తుంది. దాని మీద 9హెచ్ అని రాసి ఉంటే మోసపోకండి, అది పెన్సిల్ ముల్లుతో గీసి చూసే గట్టితనం కొలత, లారీ చక్రం కింది నుంచి ఎగిరొచ్చే కంకర రాయికి దాంతో సంబంధం లేదు.

మీరు రాసిన ఎండ మాట దగ్గరే నాకు అసలు పేచీ. రంగు మీద క్లియర్ కోట్ అని పారదర్శకంగా ఒక పొర ఉంటుంది, సుమారు 40, 50 మైక్రాన్లు, మన తల వెంట్రుక కన్నా పల్చన. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే మందు ఫ్యాక్టరీలోనే ఆ పొరలో కలిపి ఉంటుంది. దాని మీద మనం రుద్దే వ్యాక్స్ ఒక మైక్రాన్ కూడా ఉండదు, అది సూర్యుణ్ని ఏం ఆపుతుంది? దాని పని వేరు, పెయింట్‌కు తగలాల్సిన దెబ్బ ముందు తాను తినడం. పోయిన ఎండాకాలం వేపచెట్టు కింద నిలబెట్టిన బండి మీద పిట్ట రెట్ట పడింది, మర్నాడు కడిగితే రెట్ట పోయింది గానీ రూపాయి బిళ్లంత మచ్చ మిగిలింది. వేడికి క్లియర్ కోట్ మెత్తబడి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి బిగుసుకునేటప్పుడు ఎండిన రెట్ట కింద ఎగుడుదిగుడుగా బిగుసుకుంటుంది, మచ్చ లాగా కనిపించేది అదే. వ్యాక్స్ ఉంటే ఆ దెబ్బ కొంచెం తగ్గుతుంది, అంతేగానీ చూసిన వెంటనే తడిగుడ్డ వేసి నానబెట్టి తియ్యడానికి అది బదులు కాదు.

ఇంకో మాట. రెండు బండ్లకూ ఒకే రోజు, ఒకే డబ్బాలోంచి సీలెంట్ వేశాం. ఒక డ్రైవర్ రోజూ పొద్దున్నే పాత బనీను గుడ్డతో పొడి దుమ్మును తుడిచి అద్దంలా పెట్టేవాడు, నేను కూడా మెచ్చుకునేవాణ్ని. రెండో అతను కొంచెం బద్ధకస్తుడు, వారానికోసారి పైపుతో నీళ్లు కొట్టి, కారు షాంపూతో కడిగేవాడు. నాలుగు నెలల తర్వాత మొదటి బండి మీద లైటు వేసి చూస్తే సాలెగూడు లాగా గుండ్రంగా గీతలే గీతలు, బద్ధకస్తుడి బండి శుభ్రంగా ఉంది. బొగ్గు, సిమెంటు, ఇసుక కలిసిన దుమ్ము పొడిగుడ్డ కింద ఉప్పుకాగితం లాగే పనిచేస్తుంది. ఆ గీతలు పోవాలని మళ్లీ రబ్బింగ్ చేయిస్తాం, మిషన్ పెట్టిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంచెం అరుగుతుంది, అరిగింది తిరిగి రాదు. వాషింగ్ సెంటర్‌లో బకెట్ లోకి బట్టల సబ్బుపొడి వేస్తుంటే కూడా ఆపండి, సీలెంట్ ఆయుష్షు దాంతోనే సగం పోతుంది.

నీళ్లు చుక్కలుగా నిలవకపోతే కోటింగ్ పోయినట్టేనని కూడా అనుకోవద్దు. ఒక్కోసారి దాని మీద దుమ్ము, బోరు నీళ్ల సున్నం పేరుకుని ఉంటుంది. నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు తెల్ల వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి ఒకసారి తుడిచి వెంటనే కడిగేస్తే చుక్కలు మళ్లీ నిలబడడం నేను చూశాను. బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరనిస్తే మాత్రం నిలబడ్డ ప్రతి చుక్కా ఒక తెల్ల మచ్చవుతుంది, మెత్తటి గుడ్డతో అప్పటికప్పుడు నీళ్లు తీసెయ్యాల్సిందే.

మీరు ఈసారి రాసేటప్పుడు ఎన్నేళ్లు అని కాకుండా ఏ సరుకు, ఎట్లా కడిగితే ఎన్నాళ్లు అని రాయండి. షోరూంలో బిల్లు మీద సీలెంటా, సిరామిక్కా అన్నది రాయించుకోమని, మళ్లీ ఎప్పుడు, ఎంత డబ్బు కట్టాలో ముందే అడగమని కూడా చెప్పండి. వచ్చే వారం నా తెల్ల బండికి మళ్లీ సీలెంట్ వేయిస్తున్నా, రెండు రోజులు కిరాయి పోయినా సరే రాత్రంతా షెడ్డులోనే ఉంచమని చెప్పాను, పూలదండ వద్దన్నాను.

ఇట్లు,
ఒక టాక్సీ యజమాని, బల్లార్షా, చంద్రపూర్ జిల్లా