నగర జ్ఞాపకాల పటం: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మనం ఒక్క పనే పెట్టుకున్నాం. విశాఖపట్నం వాళ్లు తమ ఊరిని ఎలా గుర్తుపెట్టుకున్నారో అలా ఒక పటం గీయాలని. ఫోన్లో దొరికే పటాలు రోడ్డు చూపిస్తాయి, దూరం చెబుతాయి. ఆ చోట ఒకప్పుడు ఏముండేదో, అక్కడివాళ్లు ఏం పోగొట్టుకున్నారో చెప్పవు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సెంట్రల్ పార్కు ఉన్న స్థలంలో ఒకప్పుడు జైలు ఉండేది. జైలు అడవివరం వైపు తరలిపోయింది, జైలు రోడ్డు మాత్రం ఇప్పటికీ జైలు రోడ్డే. మనకు కావలసింది ఇలాంటి సమాచారం.

పటానికి ఆధారంగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తీసుకున్నాం. అది జనమే కలిసి తయారుచేసే ఇంటర్నెట్ పటం. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మనం చేర్చినది మళ్లీ అందరికీ అందుతుంది. అయితే పెద్దవాళ్ల దగ్గరికి కంప్యూటర్ పట్టుకెళ్లలేదు. పెద్ద కాగితం మీద అచ్చువేయించి, బల్ల మీద పరిచి, పెన్సిల్ చేతికిచ్చాం. రికార్డు దొరికిన విషయాన్ని నీలం సిరాతో, నోటిమాటగా విన్నదాన్ని ఎర్ర సిరాతో రాశాం. ఒకే చోటికి రెండు కథలు వస్తే రెండూ పక్కపక్కనే ఉంచాం. ఏది నిజమని తీర్పు చెప్పడం మన పని కాదని కార్యవర్గం మొదట్లోనే నిర్ణయించింది. అది సరైన నిర్ణయమని ఏడాది గడిచాక మరింత గట్టిగా నమ్ముతున్నాను.

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి కథే చూడండి. శత్రువుల చేతికి చిక్కకుండా రాజులు విగ్రహాన్ని బావిలో వేశారని కొందరు చెప్పారు. కాశీకి వెళుతున్న బ్రాహ్మణుణ్ణి అమ్మవారు తనను బావిలోంచి పైకి తీయమందని, అతను కాదనేసరికి ఎడమ చేత పరిఘ (ఇనుప గద) ఎత్తిందని, శివుడు ఆ చేతిని ఖండించాడని మరికొందరు చెప్పారు. 1917లో విగ్రహాన్ని పక్కకు జరిపాక ఊళ్లో ప్లేగు వచ్చిందని, మళ్లీ యథాస్థానంలో పెట్టాక తగ్గిందని చాలా ఇళ్లల్లో విన్నాం. మార్గశిర గురువారాల్లో క్యూలో నిలబడి, పైకప్పు లేని అమ్మవారి మీద తమ చేతులతోనే పసుపునీళ్లు పోసే ఆడవాళ్లకు ఈ కథలన్నీ తెలుసు. అన్నీ పటంలోకి ఎక్కాయి.

వన్‌టౌన్ నడకకు అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు. పాత పోస్టాఫీసు, టౌన్‌హాల్, క్వీన్ మేరీ స్కూలు, కోట వీధి చూసి కొండల దగ్గరికి వెళ్లాం. రాస్ కొండ మీద మేరీమాత, పక్క కొండ మీద ఇసాక్ మదీనా దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి. రేవులోకి వచ్చే ఓడలు దర్గాకు ఎదురుగా జెండాను మూడుసార్లు దించి ఎత్తేవని ఆ చుట్టుపక్కల వాళ్లు చెప్పారు. వాళ్లకు రేవు అంటే ఆ కొండల కింది ఛానల్ (ఓడలు లోపలికి వచ్చే నీటిదారి), అందులోకి వచ్చే ఓడలు. 1933 అక్టోబరులో కొత్త హార్బరులోకి మొదట అడుగుపెట్టిన ఓడ జలదుర్గ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేశాక బళ్లు కట్టించుకుని పల్లెలకు వెళ్లిపోయిన కుటుంబాల కథలు ఇప్పటికీ మనవల నోట వినిపిస్తున్నాయి. అప్పుడు పేలని బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, ఇంటికి వెళ్లాక తాతమ్మలను అడిగి రమ్మన్నాం. తెచ్చిన జవాబులు బాగున్నాయి.

సినిమా హాళ్ల పేర్లతో నిలిచిపోయిన కూడళ్ల జాబితా కూడా తయారైంది. జగదాంబ, రామా టాకీస్, ఊర్వశి, ఇలా. దాని గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు, అందరికీ తెలిసిందే.

ఈ ఏడాది నన్ను ఎక్కువగా కదిలించిన పని గాజువాక, అగనంపూడి, కూర్మన్నపాలెం వైపు జరిగింది. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' ఉద్యమం, 1966 కాల్పులు, 1971 జనవరి 20న బాలచెరువు దగ్గర ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన రాయి, ఇవన్నీ చరిత్రలో ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ ఆ కర్మాగారం కోసం ఖాళీ చేసిన అరవై పైచిలుకు ఊళ్లు ఇప్పటి ఏ పటంలోనూ లేవు. ఆర్-కార్డు (నిర్వాసితులకు ఇచ్చిన పునరావాస కార్డు) ఉన్న కుటుంబాల పెద్దలతో కూర్చున్నాం. ఊరు ఎక్కడుండేదని అడిగితే మొదట ఎవరూ వేలు పెట్టలేకపోయారు. అక్కడ ఇప్పుడు ప్రహరీ, షెడ్లు, పైపులు. పాత సర్వే ఆఫ్ ఇండియా పటాన్ని ఇప్పటి పటం మీద పెట్టి చూపించాక కొండ కనిపించింది, గెడ్డ (వాగు) కనిపించింది. ఇక ఆగలేదు. గెడ్డకు ఇవతల మా కళ్లం, అవతల చింతచెట్టు, దాని కింద అమ్మవారు అంటూ ఒకరి మాట ఒకరు అందుకున్నారు. నిర్వాసితుల కాలనీల్లో గ్రామదేవత పండగ నేటికీ పాత ఊరి పేరుతోనే చేస్తున్నారు. పొలానికి నష్టపరిహారం లెక్కగట్టారు. ఊరికి ఎవరూ ఏ లెక్కా రాసిపెట్టలేదు. కనీసం పేరూ చోటూ రాసిపెట్టడం మన బాధ్యత అని నా అభిప్రాయం. రాసుకోవలసిన ఊళ్లు ఇంకా చాలా ఉన్నాయి, చెప్పగలిగినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

పెదజాలరిపేటలో దొరికింది సముద్రం పటం. వేటకు వెళ్లేవాళ్లు ఒడ్డున కనిపించే రెండు గుర్తులను, ఒక కొండనూ ఒక గుడి శిఖరాన్నో లైట్‌హౌస్‌నో, ఒకే వరుసలోకి తెచ్చుకుంటారు. ఇంకో వైపు నుంచి మరో రెండింటిని అలాగే కలుపుతారు. రెండు గీతలు కలిసే చోట నీటి అడుగున రాళ్లుంటాయి, చేప ఉంటుంది. ఒడ్డున ఎత్తైన భవనాలు లేచాక పాత గుర్తులు కొన్ని మరుగున పడ్డాయట. జీపీఎస్ వచ్చింది కాబట్టి పిల్లలకు ఆ విద్య అక్కర్లేకుండా పోతోందని ఒక పెద్దాయన బాధపడ్డారు. పద్ధతిని రాసుకున్నాం. వేట తావులను మాత్రం పటంలో పెట్టడం లేదు. వాళ్లు వద్దన్నారు, అది వాళ్ల జీవనాధారం.

జ్ఞాపకమంటే ముసలివాళ్లదే అనుకోకూడదు. కాలేజీ పిల్లలు 2014 అక్టోబరు 12 గురించి రాసి ఇచ్చారు. ఆ రోజు హుద్‌హుద్ తుపాను పడగొట్టిన చెట్లను వీధి వారీగా గుర్తుపెట్టారు. అప్పటికి వాళ్లు చిన్నపిల్లలు. ఏ చెట్టు ఎవరి గుమ్మం ముందు పడిందో మాత్రం మరచిపోలేదు.

ఖర్చుల వివరాలు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. అచ్చు కాగితానికి, ప్రయాణాలకు తప్ప పెద్దగా ఖర్చు కాలేదు, రికార్డింగులన్నీ సభ్యుల ఫోన్లలోనే చేశాం. మాట్లాడినవారి అనుమతి లేకుండా ఏ గొంతునూ బయటపెట్టలేదు. ఇళ్ల నంబర్లు, వ్యక్తుల పేర్లు పటంలో ఉండవు. పాత ఫోటోలు ఉన్నవారు తీసుకువస్తే అక్కడికక్కడే స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తాం.

వచ్చే ఏడాది భీమిలి, సింహాచలం వైపు వెళ్లాలని కొందరు కోరారు. నేను మాత్రం ముందు ఉక్కు నిర్వాసిత గ్రామాలు పూర్తిచేయాలని ప్రతిపాదిస్తున్నాను. ఆ కాలనీల్లో తెలిసిన కుటుంబాలున్న సభ్యులు సమావేశం రోజునే పేర్లు ఇస్తే, పండగలు మొదలయ్యేలోగా అగనంపూడిలో పెద్దలతో మొదటి సమావేశం పెట్టుకోవచ్చు. దీనికి మీ ఆమోదం కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి