వాణ్ణి ఇక్కడికి పంపొద్దు

చిన్నారీ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి "ఆలోచిస్తా" అని పెట్టేశాను. పీహెచ్‌డీ కోర్స్ వర్క్ అయ్యేదాకా బుజ్జిగాణ్ణి తెనాలిలో ఉంచుకోమన్నావు, నాన్న రిటైరై ఇంట్లోనే ఉన్నారుగా అన్నావు. రాత్రంతా ఆలోచించాను. ఉంచుకోను. కోపం తెచ్చుకోకుండా చదువు.

నీకు ఏడాదిన్నరప్పుడు నేను బీఈడీలో చేరాను. అప్పట్లో అది ఏడాదే. నేను గుంటూరు హాస్టల్లో, నువ్వు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర. పదిహేను రోజులకోసారి శనివారం సాయంత్రం బస్సెక్కి వచ్చేదాన్ని. మొదట్లో నన్ను వదిలేదానివి కాదు. నాలుగో నెలలో ఒకసారి గడపలో అడుగు పెట్టాను. ఇంకా సంచీ కూడా దింపలేదు, చెయ్యూపి "టాటా" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత పెరట్లోకి పోయి బావి దగ్గర చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాను.

ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు. తప్పు చేశానని అనను, ఆ బీఈడీ లేకపోతే ఈ ఉద్యోగమే లేదు. అమ్మమ్మ నిన్ను నాకంటే బాగా చూసింది కూడా. కానీ అప్పుడు నాకు వేరే దారి లేదు. నీకుంది.

యూనివర్సిటీ గేటు దగ్గర క్రెష్ ఉందన్నావుగా. సీసీ కెమెరాలున్నాయని మురిసిపోకు. మధ్యాహ్నం రెండింటప్పుడు, పిల్లలు పడుకునే వేళ చూడాలి. ఒక్కో ఆయాకి ఎంతమంది పిల్లలో మనమే లెక్కపెట్టాలి. పక్క తడిపినవాడికి ఎంతసేపటికి బట్ట మారుస్తున్నారో చూడాలి. మొదటి వారం రెండు గంటలే ఉంచు. వాడు ఆటలో ఉండగా వెనక నుంచి జారుకోకు, ఏడ్చినా సరే చెప్పే వెళ్ళు. మామూలు అంగన్‌వాడీలో చదువు మూడేళ్ళు నిండినవాళ్ళకే. ఈలోపు వాళ్ళిచ్చేది బాలామృతం ప్యాకెట్టు, పొద్దస్తమానం చూసుకునే మనిషిని కాదు.

సెలవు సంగతి. యూజీసీ 2022 నిబంధనలు నేనే కూర్చుని చదివాను. పీహెచ్‌డీ చేసే ఆడవాళ్ళకి మొత్తం మీద 240 రోజుల దాకా ప్రసూతికో, పిల్లల కోసమో సెలవు ఇవ్వొచ్చట. కాన్పయ్యాకే చేరావు కాబట్టి నీవి అలాగే ఉన్నాయి. ఇప్పుడే ఖర్చు పెట్టెయ్యకు. వాడికి జ్వరాలొచ్చే వానాకాలాలున్నాయి, థీసిస్ రాసే నెలలున్నాయి. 6 ఏళ్ళలో తెమలకపోయినా, తిరిగి రిజిస్టర్ చేయించుకుంటే ఆడవాళ్ళకి 10 ఏళ్ళ దాకా వెసులుబాటుంది. అంత లాగకు గానీ, ఉందని తెలిస్తే నిద్ర పడుతుంది.

ఫెలోషిప్ ఎప్పుడు పడుతుందో తెలీదన్నావు. క్రెష్ ఫీజు ఒకటో తారీఖున నా జీతంలోంచి వేస్తాను. వదినగారికి మోకాలి ఆపరేషన్ అయింది, పాపం ఆవిణ్ణి అడక్కు. నీ పరీక్షల వారం నాన్న వచ్చి ఉంటారు, అడక్కముందే సరేనన్నారు.

శనివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నా. సోమవారం సెలవు పెట్టాను. రెండింటికి ఇద్దరం వెళ్దాం. క్రెష్ వాళ్ళకి ముందు ఫోన్ చెయ్యకు.

అమ్మ