పసుపు చీటీల గురించి శీనుకి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. దాంతోపాటు పంపిన స్క్రీన్ ఫొటో కూడా పెద్దది చేసి చూశాను. కంప్యూటర్ తెర మీద స్టికీ నోట్స్ ప్రోగ్రాంతో ఎన్ని చీటీలు అతికించావురా! కూర్చుని లెక్కపెడితే 31 తేలాయి, అన్నీ పసుపే. "మొదటి వారం బాగానే పనికొచ్చాయి, ఇప్పుడు కంటికి ఆనడమే లేదు, తీసేద్దామనుకుంటున్నాను" అని రాశావు. ప్రోగ్రాంని మాత్రం తీసెయ్యకు. అందులో లోపం లేదు. నువ్వు రాసుకున్నవాటిలో ముప్పావు వంతు చీటీ మీద ఉండాల్సినవి కావు, అదీ సంగతి.

ప్రూఫులు దిద్దే పని మొదలుపెట్టినప్పటి నుంచి నాకు రోజంతా ఈ చీటీలతోనే గడుస్తుంది. కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నీ ఫొటోలో ఎడమ పక్క పైమూలన ఒక చీటీ ఉంది, "ఇంగ్లీషు మెరుగుపరుచుకోవాలి" అని. దాన్ని ఎప్పుడు చించేస్తావు? చెప్పలేవు కదా. చించే రోజు లేని చీటీ గోడ మీద మరకలాంటిది, నాలుగు రోజులు పోయాక కన్ను దాన్ని దాటుకుని వెళ్లిపోతుంది. అది పక్కనున్న పనికొచ్చే చీటీల్ని కూడా తనతోపాటు మరకలుగా మార్చేస్తుంది. అందుకే రాసేటప్పుడే అది ఎప్పుడు పోతుందో నాకు తెలియాలని నియమం పెట్టుకున్నాను. తేదీ ఉన్న పనైతే క్యాలెండర్లోకి, దాచుకోవాల్సిన సమాచారమైతే ఫైల్లోకి పోతుంది. చెయ్యి వేరే పనిలో ఉన్నప్పుడు కంటి ఎదురుగా ఉండి తీరాల్సిందే చీటీ.

తెర మీది చీటీకి మూలమైన, పోస్ట్-ఇట్ అనే కాగితం చీటీ పుట్టుక కూడా ఇదే చెబుతుంది. 1968లో అమెరికాలోని త్రీఎమ్ కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే ఆయన గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తుంటే, అంటీ ముట్టనట్టుండే జిగురు తయారైంది. దాన్ని ఎందుకు వాడాలో కొన్నేళ్లు ఎవరికీ తోచలేదు. 1974లో అదే కంపెనీలో పనిచేసే ఆర్ట్ ఫ్రైకి, చర్చిలో పాడుకునే పాటల పుస్తకంలోంచి గుర్తు కాగితాలు జారిపోతుంటే ఈ జిగురు గుర్తొచ్చింది. అలా పుట్టిన చీటీల్ని 1980లో అమెరికా అంతటా అమ్మకానికి పెట్టారు. పసుపు రంగు కూడా ఎవరో ఏరికోరి ఎంచుకున్నది కాదు, పక్క ల్యాబులో దొరికిన చిత్తు కాగితాలు ఆ రంగువి. తేలిగ్గా ఊడిరావడమే ఆ చీటీ గొప్పతనం అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు నా తెర మీద ఉన్నవి మూడే.

మొదటిది "ఎక్కడ ఆగాను" అనే చీటీ. కుర్చీలోంచి లేచే ప్రతిసారీ, ఫోన్ కోసమైనా సరే, అందులో ఒక వాక్యం రాసి లేస్తాను. ఇందాక లేచేటప్పుడు రాసింది ఇది: "14వ పేజీ, రెండో పేరా, 'అయితే' దగ్గర ఆగాను. ఇక్కడి నుంచి సంవత్సరాలు 9వ పేజీతో సరిచూడాలి." తిరిగొచ్చి కూర్చోగానే మళ్లీ వెనక్కి వెళ్లి చదవక్కర్లేదు, నేరుగా పనిలో పడతాను. "ప్రూఫు చూడాలి" అని రాస్తే ఏమీ ఉపయోగం లేదు, అది నాకు తెలిసిందే. చెయ్యి ఎక్కడ పెట్టాలో రాయాలి. శీనూ, ఈ ఉత్తరంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకో.

రెండోది మాటల చీటీ. ఒక్కో రచయితకి ఒక్కో అలవాటు. ఈ పుస్తకానికి "అయ్యింది కాదు, అయింది", "యేడు కాదు, ఏడు", "సంవత్సరాలు అంకెల్లోనే" అని పేజీ పేజీకీ తీసుకున్న నిర్ణయాలన్నీ అందులో ఉంటాయి. పుస్తకం అచ్చుకి వెళ్లిన రోజు దాన్ని తీసి ఫైల్లో దాస్తాను. ఇది ఎప్పుడూ డాక్యుమెంటు పైనే తేలుతూ ఉండాలి. విండోస్‌తో వచ్చే స్టికీ నోట్స్‌లో ఆ వీలు లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పవర్‌టాయ్స్ అని ఉచితంగా దొరుకుతుంది, అది వేసుకుని చీటీ మీద క్లిక్ చేసి విండోస్ మీట, కంట్రోల్, టీ కలిపి నొక్కితే ఆ చీటీ అన్నిటికంటే పైన నిలబడుతుంది. మ్యాక్‌లోని స్టికీస్‌లో అయితే విండో మెనూలోనే ఉంటుంది, వెనక ఉన్నది లీలగా కనిపించేలా కూడా చేసుకోవచ్చు. ఆ ప్రోగ్రాం 1994లో, మ్యాక్‌ని నడిపించే అప్పటి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ 7.5తో వచ్చింది. పైపట్టీ మీద డబుల్ క్లిక్ చేస్తే చీటీ చుట్టుకుపోయి ఒక్క గీతలా మిగలడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

మూడోది మెయిల్ చీటీ. "ఫైలు జత చేశానా? చివరి కాపీయేనా?" అని రెండే ప్రశ్నలు. ఇది మెయిల్ కిటికీ తెరిస్తేనే కనిపిస్తుంది, మూస్తే పోతుంది. దీనికోసమే నేను విండోస్‌లో టామ్ రెవెల్ అనే ఆయన రాసిన స్టికీస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంకి మారాను. అందులో చీటీని ఫలానా కిటికీకి అతికించొచ్చు. ఇప్పుడొద్దు, రేపు పొద్దున కనిపించు అని నిద్రపుచ్చొచ్చు కూడా. నీ 31లోనూ నిద్రపుచ్చాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఇంకో సుఖం, ఇందులో ఫాంటు మార్చుకోవచ్చు. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకి సరిపోయే సైజు సరిపోదు. నేను నిర్మలా యూఐ అనే ఫాంటుని 14 సైజులో పెట్టుకున్నాను, కళ్లకి హాయిగా ఉంది.

రంగుల సంగతి అడిగావు. ఆఫీసుకి నీలం, ఇంటికి ఆకుపచ్చ అని విడగొట్టకు, నేను చేసి చూసి మానేశాను. ఎప్పుడు పోతుందో దాన్నిబట్టి రంగు ఇవ్వు. ఇవాళే పోయేది గులాబీ, పని అయ్యేదాకా ఉండేది పసుపు. సాయంత్రం గులాబీ రంగు కనిపించిందంటే ఏదో మిగిలిపోయిందని చదవకుండానే తెలుస్తుంది.

ఇప్పుడు నాకు బాధ కలిగించిన విషయం. మూడేళ్ల కిందట కంప్యూటర్ మార్చినప్పుడు డాక్యుమెంట్లన్నీ కాపీ చేసుకుని చీటీల సంగతి మర్చిపోయాను. అప్పుడు నేనూ నీలాగే విండోస్‌ది వాడేవాణ్ని, ఖాతాతో సింక్, అంటే చీటీల నకలు ఇంటర్నెట్‌లో దానంతటదే దాచుకునే ఏర్పాటు, పెట్టుకోలేదు. పాత డిస్కు ఫార్మాట్ అయ్యాక గానీ గుర్తు రాలేదు. రెండు నెలల మాటల చీటీ పోయింది. ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ చదివాను, ఒక్కో నిర్ణయం వెతుక్కుంటూ.

నీకు అలా కాకూడదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే సింక్ అవుతాయి. అది ఇష్టం లేకపోతే, నీ యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా అని ఒకటి దాగి ఉంటుంది. అందులో లోకల్, దాన్లో ప్యాకేజెస్, దాన్లో మైక్రోసాఫ్ట్ స్టికీనోట్స్ పేరున్న ఫోల్డర్, దాన్లో లోకల్‌స్టేట్. అక్కడ ప్లమ్ డాట్ ఎస్‌క్యూలైట్ అనే ఫైలే నీ చీటీలన్నీ. ప్రోగ్రాం మూసేసి, ఆ ఒక్క ఫైలు కాకుండా ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకో, ఎందుకంటే తాజాగా రాసినవి పక్కనున్న ఇంకో ఫైల్లో ఉండొచ్చు. పాస్‌వర్డ్‌లు మాత్రం చీటీల్లో రాయకు. నీ ఫొటోలో కింద వరుసలో ఒకటి నాకు స్పష్టంగా కనిపించింది, ముందు దాన్ని మార్చుకో. మీటింగ్‌లో స్క్రీన్ చూపిస్తే పదిమందీ చూస్తారు.

ఆదివారం ఓ అరగంట కూర్చో. ఒక్కో చీటీనీ "నువ్వెప్పుడు పోతావు?" అని అడుగు. జవాబు లేనివన్నీ ఒక ఫైల్లోకి ఎత్తిపెట్టి, మిగిలినవాటితో మళ్లీ ఫొటో తీసి పంపు. "ఎక్కడ ఆగాను" చీటీలో ఏం రాశావో కనిపించేలా తియ్యి.

నీ
గోపి