యూరియానా, యూరియా నైట్రోజనా? రిపోర్టులో తేల్చి రాయించండి

సంపాదకులకు,

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి పత్రికల్లో చాలానే వస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చారు. సంతోషం. ఎవరూ పట్టించుకోనిది ల్యాబు ఇచ్చే రిపోర్టు కాగితాన్నే. మా వైపు భూమి పట్టాతో పాటు ఈ కాగితాలు కూడా కవర్లో పెట్టి దాచుకునే ఇళ్లు తక్కువేం కాదు.

కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం యూరియా రక్తంలో ఎంతుందో చూసే టెస్టుని ఒక ల్యాబు 'బ్లడ్ యూరియా' అని ఇస్తుంది. పక్క వీధి ల్యాబు 'బియుఎన్' (బ్లడ్ యూరియా నైట్రోజన్) అని ఇస్తుంది. రెండోది యూరియాలో ఉన్న నైట్రోజన్ బరువు మాత్రమే. యూరియా అణుభారం 60, అందులో నైట్రోజన్ వాటా 28. కాబట్టి బియుఎన్‌ని 2.14తో గుణిస్తేనే యూరియా వస్తుంది. రక్తంలోంచి ప్రోటీన్లు తీసేసి, మిగిలిన పదార్థాల్లోని నైట్రోజన్ అంతా కలిపి కొలిచిన కాలం నాటి అలవాటు ఈ నైట్రోజన్ లెక్క. ఆ మిగిలిన నైట్రోజన్‌లో దాదాపు సగం యూరియాదే. ఇప్పటి మెషిన్లు యూరియానే విడిగా కొలుస్తున్నాయి, లెక్క మాత్రం పాతదే చాలాచోట్ల నడుస్తోంది.

దీనివల్ల ఏమవుతుందో చెబుతాను. మాకు తెలిసిన ఒక పెద్దాయనకి యూరియా 84 వచ్చింది. కొన్నాళ్లకి వేరే ల్యాబులో 40 వచ్చింది. "పసరు మందు బాగా పనిచేసింది బాబూ" అని కాగితం నా చేతికిచ్చారు. 40 పక్కన చిన్న అక్షరాల్లో బియుఎన్ అని ఉంది. అంటే యూరియా 86. తగ్గిందేమీ లేదు. అప్పటికే ఆయన కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేశారు. ఇంకా ఘోరం, బియుఎన్ అంకె వేసి పక్కన నార్మల్ 15-40 అని యూరియా రేంజి ప్రింటు చేసిన రిపోర్టు కూడా చూశాను. బియుఎన్‌కి నార్మల్ సుమారు 7 నుంచి 20.

సరిగ్గా రాసినా యూరియా ఒక్కటే చూసి కిడ్నీల సంగతి తేల్చలేం. ఎండలో జీడితోటల్లో పనిచేసి నీళ్లు చాలకపోయినా పెరుగుతుంది, కడుపులో రక్తస్రావమైనా పెరుగుతుంది. లివర్ బాగా దెబ్బతింటే తగ్గుతుంది. కండరాల నుంచి వచ్చే ఇంకో వ్యర్థం క్రియాటినిన్ కొంత నయం, కానీ అదీ కండను బట్టి మారుతుంది. క్రియాటినిన్ 1.1 వస్తే, దాన్నీ వయసునీ ఆడా మగా అన్నదాన్నీ బట్టి కిడ్నీల వడపోతను అంచనా వేసే ఈజీఎఫ్ఆర్ పాతికేళ్ల కుర్రాడికి 95 దాకా ఉంటుంది, అరవై ఐదేళ్ల ఆడమనిషికి 56కి పడిపోతుంది. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువుంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే. ఇద్దరికీ అదే 1.1, కాగితం మీద ఇద్దరూ నార్మల్! వయసు, ఆడా మగా అన్న వివరాలు ల్యాబు కంప్యూటర్లో ఉన్నవే. లెక్క అదే వేస్తుంది.

క్యాంపుల్లో ఇంకో తప్పు జరుగుతుంది. షుగర్ కోసం తీసే బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది. యూరియా టెస్టులో వాడే యూరియేజ్ ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఒకే ట్యూబుతో రెండూ చేసేస్తే యూరియా తక్కువగా వచ్చే ప్రమాదం ఉంది.

ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కి మన రాష్ట్రంలో 2002 నుంచే చట్టం ఉంది. ఫీజు కట్టించుకుని రెన్యువల్ చేసేటప్పుడే జిల్లా వైద్యాధికారులు ల్యాబు రిపోర్టు నమూనా కూడా అడిగి చూడాలి. కనీసం కిడ్నీ జబ్బున్న మండలాల్లోనైనా అన్ని ల్యాబులూ యూరియానే పెద్ద అక్షరాల్లో ఇవ్వాలి, క్రియాటినిన్ కింద ఈజీఎఫ్ఆర్ తప్పనిసరిగా వేయాలి. దీనికి కొత్త మెషిన్ అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు. ఈలోగా రెండు ల్యాబుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు అంకె కంటే ముందు టెస్టు పేరు చదవండి.

- ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా