ఆదివారం సమావేశం: ఎవరి ప్రాజెక్టుకు ఏ వైర్‌లెస్?

సభ్యులందరికీ నమస్కారం. దూరం నుంచి మోటారునో రిలేనో (విద్యుత్ సంకేతంతో పనిచేసే స్విచ్) ఆన్ చేయడానికి ఎవరి ప్రాజెక్టుకు ఏ వైర్‌లెస్ పద్ధతి నప్పుతుందో ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన క్లబ్ గదిలో కూర్చుని తేల్చుకుందాం.

గదిలోపల ఆండ్రాయిడ్ ఫోన్‌తో నడిపేందుకు హెచ్‌సీ-05 అనే బ్లూటూత్ మాడ్యూల్ చాలు. ఐఫోన్ దానితో పనిచేయదు. రౌటర్ లేకున్నా రెండు ఈఎస్‌పీ32 బోర్డులు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డులు) ఈఎస్‌పీ-నౌ అనే పద్ధతి ద్వారా నేరుగా సంకేతాలు పంపుకోగలవు కాబట్టి నా ఓటు దానికే. పొలం దాకా సంకేతం వెళ్లాలనుకునేవారు లోరా (చాలా దూరం వెళ్లే రేడియో పద్ధతి) మాడ్యూల్ తీసుకోవచ్చు, అయితే కొనేముందు అది మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్‌లో పనిచేసేదేనా అని తప్పక చూడండి.

ప్రతి ఒక్కరూ తమ బోర్డు పేరు, కావలసిన దూరం శుక్రవారం లోగా ఇక్కడే రాయాలి.

మరవకండి: ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 అనే రేడియో మాడ్యూల్ వాడేవారు దానికి 3.3 వోల్టులే ఇవ్వాలి, యాంటెన్నా బిగించకుండా లోరా మాడ్యూల్‌ను ఆన్ చేయకూడదు.