మహిళల ఈత, క్రీడా సంఘం, విశాఖపట్నం: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు. నియమావళి ప్రకారం ఈ ఏడాది కార్యక్రమాల నివేదికను సర్వసభ్య సమావేశానికి సమర్పిస్తున్నాను.

తుఫాను హెచ్చరికలున్న రోజులు తప్ప ఉదయపు ఈత తరగతులు ఆగలేదు. ఆర్కే బీచ్‌లోనూ యారాడలోనూ అలల లాగుడు ఎలాంటిదో తెలిసిన ఊరిలో ఆడపిల్లలు ఈత రాకుండా పెరగకూడదన్నదే మన పట్టుదల. వేసవి శిబిరంలో పిల్లలను దింపి గట్టున కూర్చున్న తల్లులు కొందరు నెల తిరగకుండానే తామూ నీళ్లలో దిగడం ఎంతో సంతోషం కలిగించింది. షటిల్, త్రోబాల్ పోటీలు యథావిధిగా జరిగాయి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసినది గర్భిణుల నీటి వ్యాయామ శిబిరం. ఇబ్బందులేవీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించిన విషయాన్ని శిబిరానికి వచ్చిన ప్రసూతి వైద్యురాలు వివరించారు. నీరు ఒంటి బరువును మోస్తుంది కాబట్టి నడుముకూ కీళ్లకూ ఊరట కలుగుతుందనీ, రక్తస్రావం, గర్భసంచిలో మాయ (ప్లాసెంటా) కిందికి ఉండటం, బీపీ బాగా పెరగడం వంటి సమస్యలున్నవారు మాత్రం నీళ్లలో దిగరాదనీ, పైనుంచి దూకడం ఎవరికీ తగదనీ ఆమె స్పష్టం చేశారు. ఏడో నెల కోడలితో వచ్చిన ఒక అత్తగారు మొదట "కడుపుతో ఉన్న పిల్లకు చన్నీళ్లేమిటమ్మా" అని అభ్యంతరం చెప్పినా, కోడలు అంచు కడ్డీ పట్టుకుని నెమ్మదిగా కాళ్లాడిస్తుంటే తువ్వాలు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా కూర్చున్నారు. 2018లో తల్లి అయిన సానియా మీర్జా 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో టెన్నిస్ డబుల్స్ టైటిల్ గెలిచిన సంగతి వైద్యురాలు చెప్పినప్పుడు ఆ అత్తగారే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు.

ఉచితంగా సమయమిచ్చిన వైద్యురాలికి, మహిళా శిక్షకులకు, లైఫ్‌గార్డులకు, మజ్జిగ పంపిన సభ్యురాలికి, కుర్చీలు సర్దిన యువతులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టికను జతపరిచాము. ఆడిటర్ గారు ఆమోదించారు.

బాధతో చెప్పక తప్పని మాటలు కొన్ని ఉన్నాయి. మహిళలకు ప్రత్యేక సమయం కేటాయించాలని మనం ఇచ్చిన అర్జీకి సంబంధిత కార్యాలయం నుంచి "చూస్తాం" అన్న మాట తప్ప జవాబు లేదు. వాలంటీర్ల జాబితాలో పేర్లు నిండుగా ఉన్నా ఉదయం ఆరింటికి గేటు దగ్గర కనిపించేది అవే నాలుగు ముఖాలు. 2023 ఆసియా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగులో స్వర్ణం గెలిచిన మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని అందరం మెచ్చుకుంటాం. మన ఇంటి ఆడపిల్ల గ్రౌండ్‌కు వెళ్లే వేళకు తోడుగా కదిలేవారే కరువయ్యారు.

గర్భిణుల శిబిరాన్ని ప్రతి నెలా నిర్వహించాలనీ, ఆ రోజున మహిళా లైఫ్‌గార్డుతో పాటు ఇద్దరు సభ్యులు తప్పనిసరిగా హాజరు కావాలనీ కార్యవర్గం తీర్మానం ప్రతిపాదిస్తోంది. సభ ఆమోదం తెలిపి, బాధ్యత తీసుకునేవారు ఈ రోజే పేర్లు నమోదు చేయించుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి