బాబా చెప్పినవి

ప్రిలెప్, ఉత్తర మాసిదోనియా,
జనవరి నెలాఖరు.

చి. ల. సౌ. అమ్మాయికి, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నీవూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను. మొన్న ఆదివారం ఫోనులో నీవు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "బిడ్డ పుట్టాక నలభై రోజులు గడప దాటొద్దని, చేతికి ఎర్రదారం కట్టమని, కిటికీలు తెరవొద్దని బాబా అంటోంది, ఇందులో ఏది చేయాలి, ఏది మానాలి?" అని నీవు అడిగేటప్పటికి మా అత్తగారు నా పక్కనే కూర్చుని మిరపకాయలు దారానికి గుచ్చుతున్నారు. ఆవిడకు తెలుగు రాకపోయినా తన ప్రస్తావన వస్తే మాత్రం ఇట్టే పసిగడతారు. చిన్నప్పుడు పట్టుబట్టి నీకు తెలుగు అక్షరాలు దిద్దించినందువల్ల, ఈ ఇంట్లో మరెవరూ చదవలేని ఉత్తరం నీకు రాసుకునే వెసులుబాటు నాకు దక్కింది.

హనుమకొండ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, శకునాలూ దిష్టులూ వర్జ్యాలూ అన్నీ మా ఊళ్లోనే వదిలేసి వచ్చాననుకున్నాను. వచ్చిన మూడో రోజే తలస్నానం చేసి తడిజుట్టుతో వాకిట్లోకి వెళ్తే మా అత్తగారు తువాలు పట్టుకుని వెంటపడ్డారు. మెట్టు మీద కూర్చుంటే లేపి, నా కింద దిండు వేశారు. చల్లటి రాతి మీద కూర్చుంటే ఆడపిల్లకు గర్భసంచి చలువ చేస్తుందట. పెళ్లికాని మీ చిన్న మేనత్త బల్ల మూలన కూర్చుంటే పెళ్లి కాదంటూ ఆమెను మరో కుర్చీలోకి మార్చారు. ఎందుకని నేను ఏది అడిగినా ఆవిడ జవాబు ఒక్కటే: "ఆదెత్". ఆచారం అని దాని అర్థం. మా ఊళ్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో అలవాటును 'ఆదత్' అంటారని నాకు గుర్తొచ్చి, ఆరా తీస్తే రెండూ అరబ్బీ నుంచి వచ్చిన ఒకే మాట అని తెలిసింది. 1912 దాకా అయిదు శతాబ్దాలకు పైగా ఈ నేలను తుర్కులు ఏలారు కనుక ఆ మాట ఇటు వచ్చింది. పసిపిల్లను చూసి ఇక్కడివాళ్లు అనే 'మాషాల' కూడా హైదరాబాదులో మనం వినే మాటే. మీ అమ్మమ్మకు మాత్రం ఈ సంగతులేవీ తెలియవు. "బాబా ఉపవాసం ఉండమన్నారమ్మా" అని నేను ఫోనులో చెబితే, షిరిడీ బాబా కలలోకి వచ్చారేమోనని ఆవిడ వారం రోజులు ఊరంతా చెప్పుకున్నారు. ఇక్కడ బాబా అంటే నానమ్మ అని నమ్మించేసరికి నా తాతలు దిగివచ్చారు.

ముందుగా కిటికీల సంగతి చెబుతాను. ఎదురెదురుగా ఉన్న కిటికీలో, తలుపులో రెండూ తెరిచి ఉన్నప్పుడు మధ్య నుంచి దూసుకుపోయే గాలిని ఇక్కడ 'ప్రొమాయ' అంటారు. మెడ పట్టేసినా, పన్ను నొప్పి పుట్టినా, చెవి పోటు వచ్చినా దోషం ఆ గాలిదే. జులై ఎండలో బస్సులో అందరికీ చెమటలు కారుతున్నా, రెండో కిటికీ తెరవబోయిన మనిషిని బస్సంతా గదమాయించడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. గాలి ఆడే ఇల్లే మంచి ఇల్లు అనే ఊరి నుంచి వచ్చిన నాకు ఇది నేటికీ మింగుడుపడలేదు. బిడ్డకు స్నానం చేయించి తడి ఆర్చే పది నిమిషాలు తలుపులు మూసుకో, చాలు. మిగతా వేళల్లో గదిలోకి గాలి రానివ్వు. బాబా పంపిన మూడు ఊలు చొక్కాలనూ ఒకదాని మీద ఒకటి తొడగవద్దు. ఉక్కపోత కూడా పసివాళ్లను ఇబ్బంది పెడుతుంది.

నలభై రోజుల నియమాన్ని మాత్రం నేను తేలిగ్గా కొట్టిపారేయను. మన దగ్గర పురుడు, పథ్యం ఉన్నట్టే ఇక్కడా బాలింతా బిడ్డా నలభై రోజులు ఇంటిపట్టునే ఉంటారు. నలభయ్యో రోజున చర్చికి వెళితే పూజారి ప్రార్థన చదువుతాడు. పొద్దుగూకాక బిడ్డ బట్టలు ఆరుబయట దండెం మీద ఉండకూడదు. చీకట్లో తిరిగే చెడు వాటిని తాకుతుందని భయం. మీ బెర్లిన్ వాటాలో దండెం వంటింట్లోనే ఉంది కనుక ఆ చెడుకు అయిదో అంతస్తు ఎక్కే పని లేదు. నీవు పుట్టినప్పుడు నన్ను ఆ నలభై రోజులూ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, బరువు ఎత్తనివ్వలేదు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు కాఫీ కూడా కలపనివ్వలేదు. నా పుట్టింటివారు ఒక్కరూ దగ్గర లేని ఆ రోజుల్లో ఈ ఆదెత్తే నన్ను కాపాడిందని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. కాబట్టి ఆ నలభై రోజులు ఎవరైనా పని చెబితే "మా బాబా ఒప్పుకోదు" అని ధైర్యంగా చెప్పు. డాక్టరు రమ్మన్న రోజున మాత్రం వెళ్లు, ఎండ కాసిన పూట బిడ్డను తీసుకుని వీధి చివరిదాకా నడిచి రా.

బిడ్డ పుట్టిన మూడో రాత్రి గురించి బాబా నీకు చెప్పారో లేదో తెలియదు. ఆ రాత్రి 'నరెచ్నిత్సి' అనే ముగ్గురు స్త్రీలు వచ్చి బిడ్డ తలరాత పలుకుతారట, ముగ్గురిలో మూడో ఆవిడ మాటే నిలుస్తుందట. మన బ్రహ్మ ఒక్కడే నుదుట రాసి వెళ్లిపోతాడు. ఇక్కడ ఆ పని ఆడవాళ్లు ముగ్గురు కూడి మాట్లాడుకుని చేస్తారు, పైగా వాళ్లకు మర్యాద చేయాలి. నీ మూడో రాత్రి బాబా ఉయ్యాల పక్కన చిన్న బల్ల వేసి, ఉతికిన తెల్లగుడ్డ పరిచి, తానే కాల్చిన రొట్టె, గిన్నెలో తేనె, ఒక నాణెం పెట్టి, దీపం తగ్గించి, వాళ్లకు చప్పుడు కాకూడదని గోడగడియారం కూడా ఆపేశారు. నేను నిద్రపోయినట్టు నటిస్తూ చూశాను. ఆవిడ తెల్లవార్లూ తలుపు వైపు చూస్తూ కుర్చీలో కూర్చునే ఉన్నారు, గుడ్డ కొస జారినప్పుడల్లా లేచి సర్దారు. ఈ ఊరి దర్జీ మార్కో త్సెపెన్కోవ్ (1829–1920), బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి కథలూ సామెతలూ నమ్మకాలూ చెప్పించుకుని జీవితమంతా రాసి పెట్టాడని నీవు బడిలో చదువుకున్నావు. 1950లో స్కోప్యెలో నెలకొల్పిన జానపద పరిశోధన సంస్థకు ఆయన పేరే పెట్టారు. ఆయన దుకాణంలో మా అత్తగారి ముత్తవ్వ ఒక్క పూట కూర్చుని ఉంటే ఆయనకు మరో కాగితాల కట్ట కావలసి వచ్చేదని మీ నాన్నగారు అంటూ ఉంటారు. నీకు ఇష్టమైతే ఆ రాత్రి రొట్టె పెట్టుకో. తేనెను బల్ల మీదనే ఉంచు. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకూడదు. ఈ విషయంలో బాబా మాటా మీ అమ్మమ్మ మాటా రెండూ వినవద్దు.

బిడ్డ పుట్టిన కబురు అందగానే ఇక్కడ మేము 'మెకిత్సి' వేస్తాం. పులిసిన పిండిని చేత్తో సాగదీసి నూనెలో పొంగించి, వేడివేడిగా ఇరుగుపొరుగుకు పంచుతాం. తర్వాత ఆడవాళ్లందరూ కానుకలు పట్టుకుని బిడ్డను చూడటానికి వస్తారు. దాన్ని 'పొవోయ్నిత్స' అంటారు. బిడ్డ పక్కన డబ్బు పెట్టి, "పు, పు" అని ఉమ్మినట్టు చప్పుడు చేసి, బాగుందని పొగిడిన నోటితోనే కాస్త తిట్టిపోతారు. దిష్టిని ఇక్కడ 'ఉరోక్' అంటారు. ఇరుగమ్మ దిష్టి, పొరుగమ్మ దిష్టి అని మనం ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే, వీళ్లు నిప్పు కణికలను నీళ్లలో వేసి చల్లార్చి ఆ నీటితో మొహం తుడుస్తారు. ఎర్రదారం కూడా ఈ ఉరోక్ కోసమే. కట్టుకో, కానీ పసిచేతికి వద్దు. దారం వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. బిడ్డకు అందనంత దూరంలో, బిడ్డను తిప్పే బండి పిడికి కట్టు. బాబా అడిగితే కట్టానని చెప్పు, ఎక్కడ కట్టావో ఆవిడ అడగరు.

ఒక సంగతి నీకు ఇంతవరకు చెప్పలేదు. నీకు పదకొండు నెలలప్పుడు ఒక రాత్రి జ్వరం వచ్చి, నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడ్చావు. 'స్త్రావ్' పట్టింది, అంటే దడుచుకున్నది అని ఇంట్లో అందరూ తేల్చి, ఆ విద్య తెలిసిన ఒక పెద్దావిడను పిలిపించారు. నీ తల మీదుగా దుప్పటి పట్టుకుని, ఇనుప గరిటెలో సీసం కరిగించి, చన్నీళ్ల గిన్నెలోకి ఒంపింది. చుయ్యిమని ఆవిరి లేచింది. గడ్డకట్టిన ముద్దను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కుక్క, పిల్ల కుక్కను చూసి దడుచుకుంది అన్నది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేనూ పీల్చుకున్నాను. తెల్లవారేసరికి నీ చెవి నుంచి చీము కారి దిండు తడిసింది. రాత్రే ఎందుకు తీసుకురాలేదని డాక్టరు నన్ను అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. మీ బాబాను నేను ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ రాత్రి ఆవిడ "పిలవమంటావా?" అని నన్నే అడిగారు, నేనే తల ఊపాను. మా ఇంట్లో అయితే తాయెత్తు కట్టించేవారు, అంతే తేడా. సీసం పొగ పసివాళ్లకు విషమని తర్వాత చదివి తెలుసుకున్నాను. బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే ముందు ఆసుపత్రి, ఆ తర్వాతే మిగతావి.

మిగిలినవాటిలో నీకు భయపెట్టేవి ఏవీ లేవు. మార్చి 1న కట్టే 'మార్తింక' నీకు తెలిసినదే. ఎరుపు, తెలుపు దారాలు పేని కట్టుకుని, తొలి కొంగనో పిచ్చుకలాంటి వానకోయిలనో చూసినప్పుడు విప్పి, పూతకొచ్చిన చెట్టు కొమ్మకు వేలాడదీయడం. ఉత్తర మాసిదోనియా, బల్గేరియా, రొమేనియా, మల్దోవా నాలుగు దేశాలదీ ఒకటే ఆచారమని 2017లో యునెస్కో జాబితాలో చేర్చారు. ఈస్టరుకు ముందు గురువారం తెల్లవారకముందే రంగు వేసే తొలి ఎర్ర గుడ్డును నీ బుగ్గలకు రాసి, దేవుడి పటం దగ్గర ఏడాదంతా దాచే ఆ గిన్నె ఇప్పటికీ అదే చోట ఉంది; ఈసారి మనవరాలి బుగ్గలకో మనవడి బుగ్గలకో రాయాలని బాబా ఆశ. బిడ్డ తొలి అడుగులు వేసినప్పుడు రొట్టె కాల్చి, కలమూ కత్తెరా లాంటి వస్తువులు ముందు పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు. మన అన్నప్రాశననాటి వేడుకే ఇది, కాకపోతే ఇక్కడ బిడ్డ నడిచి వచ్చి పట్టుకోవాలి. నీవు రెండుసార్లూ గరిటే పట్టుకున్నావు, నీకు వంట రాదు.

ఈ జనవరి 6న బాద్నిక్ రాత్రి, అంటే ఇక్కడి క్రిస్మస్‌కు ముందు రాత్రి, నాణెం దాచిన రొట్టెను మీ నాన్నగారు విరిచారు. తొలి ముక్క దేవుడికి, రెండోది ఇంటికి, తర్వాత వయసు వరుసన అందరికీ. అందరి ముక్కలూ అయ్యాక బాబా మరో ముక్క విరవమన్నారు. ఇంకా పేరు పెట్టని మనిషికి కూడా వాటా ఉందన్నారు. నాణెం ఆ ముక్కలో దొరకలేదు, నా ముక్కలో దొరికింది. ఆవిడ దాన్ని నా చేతిలోంచి తీసుకుని కడిగి, నీ కోసం జేబురుమాలులో ముడివేశారు. ఉత్తరంతో పంపడం లేదు, నేనే తెస్తున్నాను.

ప్రయాణానికి టిక్కెట్లు తీసుకున్నాం. మంగళవారం విమానం చవక. ఇక్కడ మంగళవారం బరువైన రోజు, ఆ రోజు ఏ పనీ మొదలుపెట్టరు. 1453 మే 29న కాన్స్టాంటినోపిల్ పడిపోయింది మంగళవారమే కదా అని దక్షిణాన గ్రీకులు అంటారు. మీ అమ్మమ్మకు ఏ కాన్స్టాంటినోపిలూ తెలియదు గానీ మంగళవారం ప్రయాణం ఆవిడా ఒప్పుకోదు. ఇవేవీ నమ్మని మీ నాన్నగారు కంప్యూటరు ముందు కూర్చుని నా వైపు ఒకసారి, వంటింట్లో ఉన్న వాళ్లమ్మ వైపు ఒకసారి చూసి, నలభై యూరోలు ఎక్కువ కట్టి బుధవారానికి తీసుకున్నారు. బయలుదేరేటప్పుడు మా వెనక వాకిట్లో పోయడానికి బాబా ఇప్పుడే చెంబు తోమి పెట్టారు. "నీళ్లలా సాగిపోవాలి" అంటూ ఆవిడ పోసే నీళ్లకు నీ పరీక్షల రోజున నీ బూట్లు తడిసినట్టు ఈసారి నా బూట్లు తడవకుండా చూసుకోవాలి.

వేళకు తిను, కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకో.

ఇట్లు,
అమ్మ